మాడిపోయిన హెడ్‌లైట్ బల్బును పారేసే ముందు: ఎందుకు పోతుంది, ఎలా మార్చాలి

రాత్రి కారును గోడకు ఎదురుగా ఆపితే రెండు వెలుగులు పడాల్సిన చోట ఒకటే పడుతుంది. చాలామందికి హెడ్‌లైట్ పోయిన సంగతి తెలిసేది అప్పుడే, అదీ పోయిన ఎన్నో రోజులకు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్లకు ఒక వైపు లైటు లేదన్న సంగతి అంత తొందరగా పట్టదు. ఎదురుగా వచ్చేవాళ్లకు మాత్రం మన కారు మోటార్ సైకిల్‌లా కనిపిస్తుంది, వాళ్లు దానికి తగ్గట్టే పక్కకు జరుగుతారు. ఆ కొద్ది అడుగుల తేడా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ చిన్న బల్బు గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

నా కారులో ఎడమ వైపు లో బీమ్, అంటే దగ్గరి రోడ్డు మీదికి వంగి పడే లైటు, మూడు నెలల్లో మూడుసార్లు పోయింది. మొదటి రెండుసార్లు కొత్త బల్బు వేశాను, వెలిగింది, మర్చిపోయాను. మూడోసారి విసుగొచ్చి, తీసిన బల్బును ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూశాను. లోపలి తీగ చెక్కుచెదరలేదు. గాజు తళతళలాడుతోంది. అంటే బల్బు పోనేలేదు. మళ్లీ బానెట్ ఎత్తి కనెక్టర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది. దాని రెండు కన్నాల్లో ఒకదాని అంచు గోధుమరంగుకు తిరిగి, కాస్త కరిగి ఉంది. లోపలి రేకు పట్టు వదిలేసింది. కొత్త బల్బు గుచ్చినప్పుడు ఆ కదలికకు రేకు కాసేపు సరిగ్గా అతుక్కునేది, కొన్ని వారాలు గడిచాక వేడెక్కి మళ్లీ వదిలేసేది. అలా రెండు మంచి బల్బుల్ని చెత్తబుట్టలో వేశాను.

అప్పట్నుంచి తీసిన బల్బును చూడకుండా పారేయడం మానేశాను. ఎందుకు వెలగలేదో చాలావరకు ఆ బల్బే చెబుతుంది. ఆ మాట వినకుండా కొత్తది వేస్తే అదే రోగం మళ్లీ తిరగబెడుతుంది.

## బల్బు లోపల ఏం జరుగుతుంది

ఇప్పటికీ ఎన్నో కార్లలో ఉన్నది హాలోజన్ బల్బే. అందులో వెలిగేది సన్నటి టంగ్‌స్టన్ తీగ, అంటే ఫిలమెంట్. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, లోహాలన్నింటిలోకీ ఇదే ఎక్కువ. బల్బు వెలుగుతున్నప్పుడు తీగ వేడి 3,000 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. కరగకపోయినా ఆ వేడికి తీగ మీది లోహం కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. పాతకాలం బల్బుల్లో ఆ ఆవిరి గాజుకు పట్టి నల్లగా పేరుకునేది, వెలుగు రోజురోజుకీ తగ్గేది.

హాలోజన్ బల్బులో అయోడిన్ లేదా బ్రోమిన్ కొద్దిగా కలిపిన వాయువును ఒత్తిడితో నింపుతారు. ఆవిరైన టంగ్‌స్టన్ గాజు దాకా వెళ్లేసరికి ఈ హాలోజన్ దాన్ని పట్టుకుంటుంది, మళ్లీ తీగ దగ్గరికి మోసుకెళ్లి వేడికి అక్కడ వదిలేస్తుంది. ఈ చక్రం ఆగకుండా తిరగాలంటే గాజు కూడా సుమారు 250 డిగ్రీలకు మించిన వేడిలో ఉండాలి. బల్బును వేలెడంత చిన్నగా, మామూలు గాజు కాకుండా వేడికి తట్టుకునే క్వార్ట్జ్ లాంటి గాజుతో చేయడానికి కారణం ఇదే. కార్ల కోసం చేసిన తొలి హాలోజన్ బల్బు హెచ్1, యూరప్‌లో 1962లో వచ్చింది. ఒకే బల్బులో లో బీమ్‌కు, దూరం పడే హై బీమ్‌కు విడివిడిగా రెండు తీగలున్న హెచ్4 1971లో వచ్చింది. యాభై ఏళ్లు దాటినా అది ఇంకా వాడుకలోనే ఉంది.

మరి లోహం తిరిగి తీగకే చేరుతుంటే బల్బు ఎప్పటికీ పోకూడదు కదా? తిరకాసు ఇక్కడే ఉంది. వెళ్లిన లోహం వెళ్లిన చోటికే తిరిగి రాదు, తీగలో కాస్త చల్లగా ఉన్న భాగాల మీద పేరుకుంటుంది. దాంతో పల్చబడిన చోటు పల్చగానే ఉండిపోతుంది. పల్చగా ఉన్నచోట నిరోధం ఎక్కువ, నిరోధం ఎక్కువున్న చోట వేడి ఎక్కువ, వేడి ఎక్కువైన చోట ఆవిరి ఇంకా ఎక్కువ. చివరికి ఏదో ఒక రోజు అక్కడే తెగుతుంది. రకాన్ని బట్టి కొన్ని వందల గంటల నుంచి వెయ్యి గంటల వరకు బతికి పోయిన బల్బును నిండు జీవితం గడిపిందనే అనుకోవాలి.

ఆ తెగడం కూడా ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే జరుగుతుంది. చల్లగా ఉన్న తీగ నిరోధం, వేడెక్కిన తీగ నిరోధంలో పదో వంతు కూడా ఉండదు. 55 వాట్ల బల్బు మామూలుగా నాలుగున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. స్విచ్ వేసిన తొలి క్షణంలో మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఒక్కసారిగా దూసుకొస్తుంది. బాగున్న తీగ దాన్ని తట్టుకుంటుంది. అప్పటికే పల్చబడిన తీగ టప్పున తెగిపోతుంది. ‘నిన్న రాత్రి బాగానే ఉంది, ఇవాళ వేస్తే వెలగలేదు’ అని అందరూ అనేది అందుకే.

## ఆయుష్షు తీరకముందే ఎందుకు పోతుంది

అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది వోల్టేజీని. వోల్టేజీ 5% పెరిగితే హాలోజన్ బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. పేరుకు 12 వోల్టుల బల్బే అయినా దాని వెలుగును కొలిచేది 13.2 వోల్టుల దగ్గర, ఎందుకంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు బల్బుకు అందేది సుమారు అంతే. మల్టీమీటర్ ఉంటే పరీక్ష రెండు నిమిషాల పని. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 వోల్టులు ఉంటే చార్జింగ్ సజావుగా ఉన్నట్టే. 15 దాటి అక్కడే నిలబడితే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడిపోయినట్టు. అప్పుడు ఎన్ని బల్బులు మార్చినా దండగే, పైగా బ్యాటరీ కూడా పాడవుతుంది. హెడ్‌లైట్లతో పాటు వెనక లైట్లు, ఇండికేటర్ల బల్బులు కూడా తరచూ పోతుంటే మొదట చూడాల్సింది ఇదే.

రెండోది మన వేలు. చేతికి ఎప్పుడూ కాస్త నూనె, చెమట ఉప్పు ఉంటాయి. ఆ మరక క్వార్ట్జ్ గాజు మీద పడి, కొన్ని వందల డిగ్రీల వేడికి లోపలికి పట్టేస్తుంది. ఉప్పులోని సోడియం గాజు నిర్మాణాన్నే మార్చేస్తుంది. ఆ చోట గాజు పాలలా తెల్లబడి బలహీనమవుతుంది. లోపల ఒత్తిడిలో ఉన్న వాయువు ఆ బలహీనమైన చోటును బయటికి నెట్టి పొక్కులా ఉబ్బిస్తుంది, లేదా గాజు పగులుతుంది. గాజును ముట్టుకోకూడదని చెప్పేది ఊరికే కాదు.

మూడోది కనెక్టర్, ఎర్త్ (కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి). నా కథ మీరు చదివారు. వదులైన కనెక్షన్ దగ్గర వోల్టేజీ కొంత తినేయబడుతుంది, తిన్నదంతా అక్కడే వేడిగా మారుతుంది. బల్బుకు అందే వోల్టేజీ 10% తగ్గితే వెలుగు దాదాపు 30% తగ్గుతుంది. ‘లైట్లు మునుపటిలా పడటం లేదు’ అనుకుని ఎక్కువ వెలుగిచ్చే బల్బుల కోసం వెతికేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త బల్బు కాదు, శుభ్రమైన కనెక్టరు.

అదురు, తేమ కూడా బల్బును తినేస్తాయి. వేడెక్కిన తీగ మెత్తగా ఉంటుంది. హోల్డర్‌లో బల్బు వదులుగా కూర్చుంటే గుంతల రోడ్డు మీద ప్రతి కుదుపూ తీగకే తగులుతుంది. వెనక రబ్బరు కవరు సరిగ్గా బిగించకపోతే హెడ్‌లైట్ లోపలికి నీళ్లు వెళ్లి రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు తిప్పే మెరిసే గిన్నె) పొర లేచిపోతుంది, కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. చల్లటి ఉదయం అద్దం లోపల పల్చగా ఆవిరి పట్టి, లైటు వేశాక కాసేపటికి పోతే కంగారు పడక్కర్లేదు, హెడ్‌లైట్లకు గాలి ఆడే రంధ్రాలు ఉంటాయి. అడుగున నీళ్లు నిలిచి కదులుతుంటే మాత్రం ఎక్కడో సీలు పోయినట్టే.

చివరిగా, మనం ఎంచుకునే బల్బు సంగతి. పెట్టె మీద ‘ఇంత శాతం ఎక్కువ వెలుగు’ అని రాసి ఉన్న హాలోజన్ బల్బుల్లో తీగను ఇంకా వేడిగా మండేలా చేస్తారు. వెలుగు నిజంగానే పెరుగుతుంది, ఆయుష్షు దానికి తగ్గట్టే తరుగుతుంది. తప్పేం లేదు, తెలిసి కొనుక్కుంటే సరి. నీలం పూత వేసిన బల్బుల పూత మాత్రం వెలుగులో కొంత భాగాన్ని ఆపేస్తుంది. 55 వాట్ల చోట 90, 100 వాట్ల బల్బు పెట్టడాన్ని నేను గట్టిగా వద్దంటాను. కారు వైరింగ్, స్విచ్, హోల్డర్ ఆ కరెంటు కోసం చేసినవి కావు. ముందు కనెక్టర్ కరుగుతుంది, తర్వాత రిఫ్లెక్టర్ మాడుతుంది.

## పోయిన బల్బు చెప్పే మాట

బల్బును అడుగు భాగం పట్టుకుని తీసి, తెల్లటి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కళ్లద్దాలుంటే పెట్టుకోండి.

తీగ తెగి, తెగిన కొసల దగ్గర గుండుసూది తలలా చిన్న మెరిసే బొట్టు ఉంటే కరిగి తెగిందన్నమాట. గాజు లోపల బూడిద రంగు లేదా వెండి రంగు పొర కూడా ఉంటే ఆయుష్షు తీరి పోయింది. కొత్తది వేసి నిశ్చింతగా ఉండొచ్చు. అయితే ఇలా కొద్ది నెలలకే జరుగుతుంటే వోల్టేజీ చూడాలి.

గాజు లోపల తెల్లగా గానీ పసుపుగా గానీ పొడి పట్టి ఉంటే లోపలికి గాలి చొరబడింది. వేడి టంగ్‌స్టన్‌కు ఆక్సిజన్ తగిలితే ఆ పొడి ఏర్పడుతుంది. గాజు ఎక్కడో చిట్లింది, లేదా అడుగున సీలు వదిలింది. వేడిగా ఉన్న బల్బు మీద నీటి చుక్క పడినా ఇలా చిట్లవచ్చు. గాజు మీద పాలలాంటి మచ్చో, పొక్కో ఉంటే అది ఎవరో ఒకరి వేలిముద్ర.

తీగ బొట్టు లేకుండా, తుంచినట్టు తెగి ఊగుతుంటే అదురుకు పోయి ఉండొచ్చు. క్లిప్పు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

తీగ నిక్షేపంలా ఉంటే? అనుమానం బల్బు మీది నుంచి తీసేసి ఫ్యూజు, కనెక్టర్, ఎర్త్ వైపు తిప్పండి. ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది: ఆ బల్బును రెండో వైపు హెడ్‌లైట్‌లో పెట్టండి. అక్కడ వెలిగితే బల్బు నిర్దోషి.

ఒక్క విషయంలో పొరబడొద్దు. హెచ్4, హెచ్7, హెచ్11 బల్బుల కొనకు నల్లగా లేదా బూడిద రంగులో టోపీలా పూత ఉంటుంది. అది మాడటం వల్ల వచ్చింది కాదు. తీగ వెలుగు నేరుగా ముందుకు పడి ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకుండా తయారీలోనే వేసిన పూత. హెచ్4లో లో బీమ్ తీగ కింద గరిటె ఆకారంలో చిన్న రేకు కూడా ఉంటుంది. కింది వైపు వెళ్లే వెలుగును అది ఆపుతుంది, దానివల్లే లో బీమ్ రోడ్డు మీదికి మాత్రమే పడుతుంది.

## సరైన బల్బు ఏది

కారు పుస్తకంలో చూడండి, లేదా తీసిన బల్బు అడుగున చెక్కిన అక్షరాలు చదవండి. చూడ్డానికి ఒకేలా ఉంది కదా అని అంచనాతో కొనొద్దు. హెచ్4కు మూడు పిన్నులు, రెండు తీగలు, లో బీమ్ 55 వాట్లు, హై బీమ్ 60 వాట్లు. హెచ్7కు రెండు పిన్నులు, ఒకే తీగ, 55 వాట్లు. హెచ్1 కూడా 55 వాట్లే, కానీ సన్నగా, అడుగున ఒకే రేకుతో ఉంటుంది. హెచ్11, హెచ్‌బీ3, హెచ్‌బీ4 రకాలకు ప్లాస్టిక్ అడుగు, రబ్బరు రింగు ఉంటాయి, వాటిని తిప్పి బిగిస్తారు. లో బీమ్‌కు ఒక రకం, హై బీమ్‌కు ఇంకో రకం ఉన్న కార్లు చాలానే ఉన్నాయి, కాబట్టి పోయింది ఏదో ముందు తేల్చుకోండి.

ఒకటి పోతే రెండు వైపులా మార్చడమే నా పద్ధతి. రెండూ ఒకే రోజు వేసినవైతే అవి నడిచిన గంటలూ ఒకటే, రెండోది కూడా దగ్గర్లోనే ఉంటుంది. పైగా పాత బల్బు వెలుగు కొత్తదానితో పోలిస్తే మందంగా ఉండి, రోడ్డు ఒక వైపు మసగ్గా కనిపిస్తుంది.

## మార్చడం: ఒక్కో అడుగూ

బల్బు తీయకముందే గోడ మీద గుర్తు పెట్టుకోండి. ఇది చాలామంది చేయరు, తర్వాత బాధపడతారు. చదునైన నేల మీద, గోడకు 5 మీటర్ల దూరంలో కారు నిలపండి. వెలుగుతున్న వైపు లో బీమ్ పై అంచు గోడ మీద ఎక్కడ పడుతుందో టేపు ముక్క అంటించండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

ఫ్యూజు చూడండి. ఎడమ, కుడి లో బీమ్‌లకు విడివిడిగా ఫ్యూజులు ఉండటం మామూలే. పెట్టె మూత లోపలి బొమ్మలో ఏది దేనిదో ఉంటుంది. ఫ్యూజు తెగి ఉంటే అంతే ఆంపియర్ల ఫ్యూజు వేసి చూడండి. అదీ వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసి మాత్రం మోసం చేయొద్దు, వైరింగ్ అంటుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి పోతే రెండు బల్బులూ కూడబలుక్కుని పోవడం అరుదు కాబట్టి రిలే (స్విచ్ వేయగానే లైట్లకు కరెంటు వదిలే చిన్న పెట్టె), స్విచ్ వైపు చూడాలి.

అన్నీ ఆపి, చల్లారనివ్వండి. లైట్లు ఆపి, ఇంజిన్ ఆపి, తాళం తీసేయండి. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగడం మొదలుపెట్టొచ్చు, చేతులు, చొక్కా కొసలు దానికి దూరంగా ఉంచండి. బల్బు వెలుగుతూ ఉన్నట్టయితే పావుగంటైనా ఆగండి. చేతి గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టండి, ఇరుకు సందులో అవే చేతిని పట్టేస్తాయి, బ్యాటరీ టెర్మినల్‌కు తగిలితే షార్ట్ కూడా అవుతాయి.

దారి చూసుకోండి. బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక వైపు చూడండి. కొన్ని కార్లలో చెయ్యి నేరుగా దూరుతుంది. కొన్నింటిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బానో, బ్యాటరీనో కదపాలి. ఇంకొన్నింటిలో టైరు పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ తెరవాలి, మరికొన్నింటిలో హెడ్‌లైట్ మొత్తం బయటికి తీయాలి, దానికోసం బంపర్ కూడా విప్పాల్సి రావచ్చు. మీది ఈ ఆఖరి రకమైతే పని మెకానిక్‌కు అప్పగించడంలో నామోషీ ఏమీ లేదు.

కవరు తీయండి. హెచ్4 అయితే చాలావరకు ముందు కనెక్టర్ లాగి, తర్వాత రబ్బరు కవరు ఊడదీయాలి. దాన్ని చెవులు పట్టుకుని నెమ్మదిగా లాగండి, మధ్యలో గుంజితే చిరుగుతుంది. మిగతా రకాల్లో ప్లాస్టిక్ మూత తిప్పితేనో, క్లిప్పు నొక్కితేనో వస్తుంది.

కనెక్టర్ పీకండి. వైర్లు పట్టుకుని లాగొద్దు. కనెక్టర్ ఒంటినే పట్టుకుని, తాళం చెవి లాంటి నొక్కు ఉంటే నొక్కి, కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ వెనక్కి తీయండి. తీశాక టార్చ్ వేసి లోపల చూడండి. రంగు మారిందా? కరిగిందా? చిలుము ఉందా? వాసన చూడండి. ఈ ఒక్క నిమిషం మీకు రెండు బల్బుల ఖర్చు మిగల్చవచ్చు. ప్లాస్టిక్ కరిగి ఉంటే కనెక్టర్ కొత్తది వేయించాల్సిందే, హెచ్4కు పింగాణీ కనెక్టర్లు కూడా దొరుకుతాయి, అవి వేడికి కరగవు.

క్లిప్పును ఫోటో తీయండి, ఆ తర్వాతే విప్పండి. హెచ్1, హెచ్4, హెచ్7లను ఎక్కువగా సన్నటి స్ప్రింగ్ తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది. ఈ పనిలో మనుషుల ఓపికను పరీక్షించేది ఇదొక్కటే. కంటికి కనపడదు, వేళ్లతో తడుముకుంటూ విప్పాలి. ఫోన్ కెమెరాను వెనక్కి దూర్చి ఒక ఫోటో తీసుకుంటే క్లిప్పు కొసలు ఏ కొక్కెంలో పడ్డాయో తెలుస్తుంది, తిరిగి వేసేటప్పుడు అదే దిక్కు. క్లిప్పును ముందుకు, అంటే బల్బు వైపు నొక్కి, పక్కకు జరిపి వదలండి, అది కీలు మీద వెనక్కి వాలుతుంది. బలంగా గుంజితే కీలు ఊడి లోపల పడిపోతుంది. హెచ్11, హెచ్‌బీ రకాల్లో క్లిప్పు ఉండదు, బల్బు అడుగును గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది.

పాత బల్బు తీసి చూడండి. పైన చెప్పినవన్నీ ఇక్కడే. ఇంకో మాట: హోల్డర్ తెరిచి ఎక్కువసేపు వదలొద్దు, దుమ్ము రిఫ్లెక్టర్ మీద పడుతుంది, దాన్ని తుడవబోతే పొర గీసుకుపోతుంది.

కొత్త బల్బు పెట్టండి. శుభ్రమైన చేతి తొడుగులు వేసుకోండి, లేకపోతే టిష్యూతో అడుగు భాగాన్నే పట్టుకోండి. గాజు పొరపాటున తగిలితే మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. బల్బు చుట్టూ ఉన్న రేకు చెవులు ఒకే తీరులో కూర్చుంటాయి. హెచ్4కు మూడు చెవుల్లో ఒకటి వెడల్పుగా ఉంటుంది, అది చాలావరకు పైకి వస్తుంది. సరిగ్గా కూర్చున్న బల్బు అటూ ఇటూ ఊగదు, రేకు అంచు చుట్టూరా సమంగా ఆనుతుంది. కొంచెం వంకరగా ఉన్నా క్లిప్పు బలవంతంగా పడిపోతుంది, అక్కడే చాలామంది మోసపోతారు. అలా వెలిగిన లైటు చెట్ల మీద పడుతుంది. తిప్పే రకాల్లో రబ్బరు రింగు మెలిక పడకుండా చూసి, పావు చుట్టు తిప్పి చివరిదాకా బిగించండి.

కనెక్టర్ గుచ్చి, కవరు వేయకముందే వెలిగించి చూడండి. లో బీమ్, హై బీమ్ రెండూ. వెలిగాక ఆపి, కవరు పెట్టండి. రబ్బరు కవరు మీద ‘టాప్’ అనే గుర్తు ఉంటే అది పైకి రావాలి, అంచు చుట్టూరా గాడిలో కూర్చోవాలి. కనెక్టర్ పిన్నులకు లేశమంత డైఎలక్ట్రిక్ గ్రీజు రాస్తే తేమ చేరదు. అది గాజుకు అంటకూడదు.

## కొత్తది కూడా వెలగకపోతే

కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవాలి, కానీ ఊరికే పీకి కొలిస్తే మీటరు మోసం చేస్తుంది. సన్నగా తుప్పు పట్టిన వైరు కూడా లోడు లేనప్పుడు నిండు 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు కనెక్టర్‌కు గుచ్చి, లైట్లు వేసి, మీటరు సూదుల్ని కనెక్టర్ వెనక నుంచి పిన్నులకు తాకించి చూడండి. అక్కడ వచ్చిన అంకెకు, బ్యాటరీ దగ్గరి అంకెకు అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే దారిలో ఎక్కడో వోల్టేజీ మేత జరుగుతోంది. తర్వాత ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కొలిస్తే ఆ మేత ఎర్త్ వైపో, ఫ్యూజు వైపో తేలిపోతుంది. హెచ్4 కార్లలో ఎర్త్ పోతే విచిత్రమైన లక్షణాలు కనిపిస్తాయి: లో బీమ్ వేస్తే రెండు తీగలూ మసకగా, ఎర్రగా వెలుగుతాయి, ఒక వైపు లైటు ఇంకో వైపుతో కలిసి ఆడుతుంది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు విప్పి, తుప్పు గీకి, తిరిగి బిగిస్తే చాలాసార్లు ఇట్టే నయమవుతుంది.

## వెలుగు ఎక్కడ పడుతోంది

మళ్లీ గోడ దగ్గరికి రండి, అదే దూరం, అదే నేల. కొత్త బల్బు లో బీమ్ పై అంచు టేపు ముక్క ఎత్తులోనే ఉండాలి. చాలా కార్లలో లో బీమ్‌ను సుమారు 1% కిందికి వాలేలా అమరుస్తారు, అంటే 5 మీటర్ల దూరంలో హెడ్‌లైట్ మధ్య ఎత్తు కంటే 5 సెంటీమీటర్లు కిందికి. యూరప్ ప్రమాణాల ప్రకారం చేసిన కార్లలో ఈ శాతం హెడ్‌లైట్ మీదో, బానెట్ కింద పట్టీ మీదో రాసి ఉంటుంది. లో బీమ్ అంచు రోడ్డు పక్క వైపు కాస్త పైకి లేవడం సహజం, నడిచేవాళ్లు కనపడటానికి అలా చేస్తారు. మొత్తం వెలుగే పైకి లేచి చెదిరిపోతే స్క్రూ తిప్పడానికి తొందరపడొద్దు. ముందు బల్బు తీసి మళ్లీ కూర్చోబెట్టండి, నూటికి తొంభైసార్లు తప్పు అక్కడే. కొలత సరిగ్గా రావాలంటే టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, లోపల లైటు ఎత్తు మార్చే చక్రం ఉంటే అది సున్నా దగ్గర ఉండాలి.

## జెనాన్, ఎల్‌ఈడీ ఉన్నవాళ్లకు

జెనాన్ లైటులో తీగ ఉండదు, వాయువులో విద్యుత్ చాపం మండుతుంది. అది రాజుకోవడానికి 20,000 వోల్టులకు పైగా దెబ్బ కావాలి. ముసలిదైనకొద్దీ వెలుగు గులాబీ, ఊదా రంగుకు తిరుగుతుంది, వెలిగి కాసేపటికి ఆరిపోతుంది, స్విచ్ తిరిగి వేస్తే మళ్లీ వెలుగుతుంది. ఆ వోల్టేజీ ప్రాణాంతకం, దీన్ని శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి. డీ1, డీ2 రకాల్లో పాదరసం కూడా ఉంటుంది, పగలగొట్టి చెత్తలో వేయకూడదు.

కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కార్లలో చాలావాటికి మార్చడానికి బల్బే ఉండదు. పోతే మాడ్యూల్, లేదా హెడ్‌లైట్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

హాలోజన్ హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బు గుచ్చుకోవడం గురించి అందరూ అడుగుతారు. మీ రిఫ్లెక్టర్‌ను కొన్ని మిల్లీమీటర్ల తీగ కచ్చితంగా ఒక చోట ఉంటుందన్న లెక్కతో చేశారు. ఎల్‌ఈడీ చిప్పులు ఆ తీగ ఆకారంలో ఉండవు, వెలుగును దానిలా అన్ని వైపులా చిమ్మవు. ఫలితంగా కారు ముందు కొద్ది దూరం తెల్లగా మెరిసిపోతుంది, మనకు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, దూరం మాత్రం సరిగ్గా కనపడదు, ఎదుటి డ్రైవర్ కళ్లు బైర్లు కమ్ముతాయి. చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. మీ హెడ్‌లైట్ కోసమే అనుమతి పొందిన బల్బు తప్ప ఇంకేదీ పెట్టొద్దని నా మనవి.

రెండు బల్బులూ మార్చాక మిగిలిన పాత మంచి బల్బును కొత్తదాని పెట్టెలో, టిష్యూ చుట్టి, డిక్కీలో పెట్టుకుంటాను. పెట్టె మీద మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు రాస్తాను. మళ్లీ ఎప్పుడైనా చీకట్లో ఒక వైపు ఆరిపోతే ఇల్లు చేరడానికి అది చాలు. కొత్త బల్బు రావాల్సిన దానికంటే ముందే పోయిందో లేదో ఆ తేదీ చూస్తే తెలిసిపోతుంది.